పెద్ద రీలు నీడన బతుకుతున్న చిన్న ఫిల్మ్

సూపర్ 8 అంటే ఇళ్లల్లో సినిమాలు తీసుకోవడానికి పుట్టిన సన్నటి ఫిల్మ్. దాని కార్ట్రిడ్జ్ అరచేతిలో ఇమిడిపోతుంది. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, లోపల 50 అడుగుల ఫిల్మ్, ముందువైపు చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి ఒక్క ఫ్రేము మేర ఫిల్మ్ కనబడుతుంది, అంతే. 1965లో కొడాక్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఏ ఆకారంలో ఉందో ఇప్పుడూ అదే ఆకారం. ఆనాటి కెమెరాని అటక మీది నుంచి దించి, ఈమధ్య తయారైన కార్ట్రిడ్జ్‌ని అందులో పెడితే టక్కున కూర్చుంటుంది. కెమెరా బాగుంటే బొమ్మ కూడా పడుతుంది.

ఈలోగా వీడియో క్యాసెట్ వచ్చింది, పోయింది. డిజిటల్ టేపు వచ్చింది, పోయింది. చేతి వీడియో కెమెరాలు వచ్చి చివరికి ఫోన్లలో కలిసిపోయాయి. పిల్లల పుట్టినరోజులూ, విహారయాత్రలూ తీసుకోవడానికని అరవై ఏళ్ల కిందట పుట్టిన ఈ ఫిల్మ్ మాత్రం ఇంకా ఫ్యాక్టరీ నుంచి బయటికొస్తూనే ఉంది. ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: పాత వస్తువుల మీద మోజు. అందులో కొంత నిజం ఉంది గానీ అది చాలదు. మోజు ఉన్నంత మాత్రాన ఏ వస్తువూ తయారైపోదు. కొడాక్రోమ్ అనే రంగుల ఫిల్మ్‌ని ప్రేమించినంతగా జనం మరే ఫిల్మ్‌నీ ప్రేమించలేదు. అయినా అది పోయింది. బొమ్మతో పాటు మాటలు కూడా రికార్డయ్యే సూపర్ 8 సౌండ్ ఫిల్మ్‌కీ అభిమానులకు కొదవ లేదు. అదీ పోయింది. ఏది నిలిచింది, ఏది పోయింది అన్నది అభిమానాన్ని బట్టి తేలలేదు. ముడిఫిల్మ్ ఎలా తయారవుతుందో చూస్తేనే ఈ లెక్క అర్థమవుతుంది.

ఫిల్మ్ తయారీలో అసలు కష్టమంతా పూత దగ్గరే ఉంది. వెండిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి సిల్వర్ నైట్రేట్ చేస్తారు. దాన్ని జెలటిన్‌లో బ్రోమైడ్ లాంటి లవణాలతో కలిపితే, వెలుతురు సోకగానే స్పందించే సన్నటి స్ఫటికాలు పుడతాయి. ఈ ద్రావణమే ఎమల్షన్. రంగుల ఫిల్మ్‌కి ఇలాంటి పొరలు పదికి పైనే కావాలి. అన్నీ కలిపినా తలవెంట్రుక మందం ఉండవు. వాటిని పారదర్శకమైన అసిటేట్ ప్లాస్టిక్ పట్టా (దీన్నే బేస్ అంటారు) మీద, కటిక చీకట్లో, ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా పరచాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో, కొడాక్ వారి 38వ నంబరు భవనంలో ఈ పని జరుగుతుంది. అక్కడ పూత పూసే బేస్ వెడల్పు సుమారు నాలుగున్నర అడుగులు. పొడవు వేల అడుగులు.

మొత్తం వ్యవహారానికి కీలకం ఇక్కడుంది. పూత పూసే సమయానికి ఆ రోల్ సూపర్ 8 అవుతుందా, థియేటర్ సినిమా తీసే 35 ఎంఎం అవుతుందా అన్నది ఇంకా తేలదు. మిషన్‌కి అది ఒకటే. ఆరిన తర్వాత దాన్ని నిలువుగా పట్టీలుగా కోస్తారు. నాలుగున్నర అడుగుల వెడల్పులో 35 ఎంఎం పట్టీలైతే ముప్పై ఎనిమిది దాకా వస్తాయి, 16 ఎంఎం అయితే ఎనభైకి పైనే. కోశాక రంధ్రాలు వేస్తారు. కొలతలు మారతాయి తప్ప ఎమల్షన్ అదే. పెద్ద సినిమాల వాళ్లు వాడే విజన్3 500టి నెగటివ్, సూపర్ 8 కార్ట్రిడ్జ్‌లో ఉండే 500టి నెగటివ్ ఒకే పేరుతో, ఒకే రసాయనంతో తయారైన తోబుట్టువులు.

ఇది ఎటువైపు నుంచైనా పనిచేస్తుంది. కొడాక్ డబుల్ ఎక్స్ అనే బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ 1959 నాటిది. దశాబ్దాల పాటు అది 35, 16 ఎంఎంలలోనే దొరికింది. 2023లో వచ్చిన ఓపెన్‌హైమర్ సినిమాలో నలుపు తెలుపు దృశ్యాలను పెద్ద ఫార్మాట్‌లో తియ్యాలని క్రిస్టఫర్ నోలన్ పట్టుబడితే, అదే ఎమల్షన్‌ని మొదటిసారి 65 ఎంఎం వెడల్పులో తయారుచేసి ఇచ్చారు. కొత్త ఎమల్షన్ కనిపెట్టాలంటే ఏళ్లు పడుతుంది. ఉన్నదాన్ని కొత్త వెడల్పులో ఇవ్వడం కూడా తేలికేం కాదు గానీ సాధ్యమయ్యే పని.

దీన్నిబట్టి చిన్న ఫిల్మ్ తన కాళ్ల మీద తాను నిలబడి లేదని తెలుస్తుంది. పెద్ద సినిమా కోసం మిషన్ తిరిగినంత కాలం, అందులోంచి కొన్ని రోల్స్ సన్నగా కోసి అమ్మడం కంపెనీకి పెద్ద భారం కాదు. ఆ మిషన్ ఆగిపోయిందంటే, సూపర్ 8 కోసమే దాన్ని నడపడం ఎవరి తరమూ కాదు. హోమ్ మూవీ ఫిల్మ్ బతికుండటానికి హోమ్ మూవీలు తీసేవాళ్లు కారణం కాదని చెప్పడం కొంచెం కష్టంగానే ఉంటుంది. కానీ నిజం అదే.

అసలు ఈ చిన్న కొలతలు పుట్టిందే పెద్ద ఫిల్మ్‌ని కోసుకోవడం గురించిన ఆలోచనల్లోంచి. 1920లలో థియేటర్ ఫిల్మ్ 35 ఎంఎం, అదీ నైట్రేట్ బేస్ మీద. నైట్రేట్ భగ్గున అంటుకుంటుంది, నీళ్లు పోసినా ఆరదు. దాన్ని ఇళ్లల్లో పెట్టుకోమనడం నిప్పుతో చెలగాటమే. అందుకే కొడాక్ 1923లో ఇళ్ల కోసం మంట భయం లేని అసిటేట్ బేస్ మీద 16 ఎంఎం ఫిల్మ్ తెచ్చింది. 35లో సగం 17.5 కదా, 16 ఎందుకంటే, చవగ్గా దొరికే నైట్రేట్ ఫిల్మ్‌ని ఎవరూ రెండుగా చీల్చి ఇళ్లల్లో వాడే కెమెరాల్లో ఎక్కించకుండా ఉండటానికి. ఫ్రాన్స్‌లో పాతే కంపెనీ అంతకు కొద్ది నెలల ముందే 9.5 ఎంఎం ఫిల్మ్ తెచ్చింది. దానికి రంధ్రం అంచున కాకుండా రెండు ఫ్రేముల మధ్య, నట్టనడుమ ఉంటుంది. అంచుల దాకా బొమ్మే ఉంటుంది కాబట్టి తక్కువ ఫిల్మ్‌లో పెద్ద ఫ్రేము దక్కుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో! ఇప్పటికీ కొందరు ఔత్సాహికులు వెడల్పాటి ఫిల్మ్‌ని ఆ కొలతకు కోసి, నడుమ రంధ్రాలు వేసి వాడుకుంటున్నారు.

తర్వాత ఆర్థికమాంద్యం వచ్చింది, 16 ఎంఎం కూడా ఖరీదనిపించింది. 1932లో కొడాక్ 8 ఎంఎం తెచ్చింది. దీన్నే ఇప్పుడు స్టాండర్డ్ 8, డబుల్ 8 అంటున్నారు. నిజానికి రీలులో ఉండేది 16 ఎంఎం ఫిల్మే, రంధ్రాలు మాత్రం రెట్టింపు. 25 అడుగుల రీలు కెమెరాలో పెడితే ముందు ఒక సగం మీద బొమ్మ పడుతుంది. రీలు అయిపోయాక కెమెరా తెరిచి, రీలుని తిరగేసి మళ్లీ ఎక్కిస్తే రెండో సగం మీద పడుతుంది. ల్యాబ్‌లో కడిగాక నిలువునా చీల్చి, రెండు ముక్కలూ అతికించి 50 అడుగుల రీలుగా ఇస్తారు. సెకనుకి 16 ఫ్రేముల చొప్పున ఇది నాలుగు నిమిషాల పైన నడుస్తుంది.

ఆ తిరగెయ్యడం దగ్గరే అసలు టెన్షన్. నీడపట్టుకి వెళ్లాలి. ఎండకి వీపు పెట్టి, ఒంటి నీడలో కెమెరా మూత తియ్యాలి. రీలు చుట్టలు సడలకుండా బొటనవేలితో నొక్కిపట్టి తిప్పాలి. ఏమాత్రం సడలినా అంచుల్లోంచి వెలుతురు చొరబడుతుంది. ఎంత జాగ్రత్తపడినా చుట్ట పైనున్న నాలుగు మెలికలకు వెలుగు తగలక మానదు. అందుకే పాత 8 ఎంఎం రీళ్లలో సరిగ్గా మధ్యలో, దృశ్యం ఉన్నట్టుండి నారింజ రంగులో వెలిగిపోయి మళ్లీ మామూలవుతుంది. చూసేవాళ్లకి అదో మచ్చ. తెలిసినవాళ్లకి, తీసిన మనిషి అక్కడ ఆగి రీలు తిప్పాడన్న గుర్తు.

1965 నాటి సూపర్ 8 ఈ తిప్పలు తప్పించింది. కార్ట్రిడ్జ్ లోపలికి తోస్తే పనైపోయింది. రంధ్రం చిన్నదైంది, బొమ్మ వైశాల్యం పాత 8 ఎంఎం మీద దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగింది. కార్ట్రిడ్జ్ అంచున ఉండే గాడి, ఫిల్మ్ ఎంత వేగమైనదో, అంటే వెలుతురుకి ఎంత త్వరగా స్పందిస్తుందో కెమెరాకి చెబుతుంది. సెకనుకి 18 ఫ్రేముల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు, 24 ఫ్రేముల చొప్పున రెండున్నర నిమిషాలు. జపాన్‌లో ఫుజీ అదే ఏడాది సింగిల్ 8 అని సొంత కార్ట్రిడ్జ్ తెచ్చింది. కొలత అదే, బేస్ మాత్రం సన్నటి పాలిస్టర్. ఫిల్మ్‌ని వెనక నుంచి నొక్కిపట్టే ప్లేటు కెమెరాలోనే ఉంటుంది కాబట్టి బొమ్మ మరింత నిలకడగా ఉంటుంది. సాంకేతికంగా ఫుజీదే మెరుగు. కానీ ప్రపంచమంతా కొడాక్ వైపే మొగ్గింది. 2013 నాటికి ఫుజీ సినిమా ఫిల్మ్ తయారీ నుంచే తప్పుకుంది, సింగిల్ 8 కూడా చరిత్రలో కలిసింది. ఇక్కడ కూడా పెద్ద ఫిల్మ్ వెంటే చిన్న ఫిల్మ్ పోయింది.

1980ల మొదట్లో వీడియో కెమెరాలు రావడంతో హోమ్ మూవీ ఫిల్మ్ మార్కెట్ కళ్లముందే కుప్పకూలింది. టేపు మీద గంటసేపు తీసుకోవచ్చు, అక్కడికక్కడే చూసుకోవచ్చు, చెరిపేసి మళ్లీ తీసుకోవచ్చు. మామూలు కుటుంబాలు ఫిల్మ్ వదిలేశాయంటే తప్పు పట్టడానికి లేదు. వింతేమిటంటే, కొన్న కుటుంబాలు పోయినా ఫిల్మ్ పోలేదు. 1990లలో సినిమా బడులు, ప్రయోగాత్మక చిత్రాలు తీసేవాళ్లు, పాటల వీడియోలు తీసేవాళ్లు దాన్ని అందుకున్నారు. సౌండ్ ఫిల్మ్ మాత్రం 1990ల చివరికి ఆగిపోయింది. దాని అంచున అయస్కాంత పట్టీ అతికించాలి. అప్పటికి ఆ పట్టీ ఇంకే ఫిల్మ్‌కీ పెద్దగా అక్కర్లేదు. ఒక్క చిన్న ఫిల్మ్ కోసమే ప్రత్యేకంగా చెయ్యాల్సిన పని ఏదైనా, ముందు తెగేది అదే.

కొడాక్రోమ్ కథ ఇంకా స్పష్టం. 1935లో మొదట వచ్చిందే 16 ఎంఎం హోమ్ మూవీ ఫిల్మ్‌గా. కనిపెట్టిన లియోపోల్డ్ మేనెస్, లియోపోల్డ్ గొడౌస్కీ ఇద్దరూ సంగీతకారులు. చీకటిగదిలో గడియారం కనబడదు కాబట్టి ఈలపాట పాడుతూ సమయం లెక్కపెట్టుకునేవారట. వాళ్ల కిటుకు ఏమిటంటే, రంగులు ఫిల్మ్‌లో ఉండవు. ఫిల్మ్‌లో ఉండేవి ఒక రకంగా మూడు నలుపు తెలుపు పొరలే. రంగులు కడిగేటప్పుడు, ఒక్కో పొరకి విడివిడిగా ఎక్కుతాయి. అందుకే పొరలు పల్చగా, బొమ్మ చురుగ్గా ఉండేది. చీకట్లో దాచిన కొడాక్రోమ్ రీళ్లు డెబ్బై ఎనభై ఏళ్లకు కూడా రంగు తగ్గకుండా కనబడతాయి. అదే సుగుణం చివరికి దాని ప్రాణం తీసింది. మిగతా రంగుల ఫిల్మ్ ఏదీ ఆ రసాయనాల్లో కడగడానికి పనికిరాదు. కొడాక్రోమ్ కోసమే ప్రత్యేక మిషన్, ప్రత్యేక రసాయనాలు, దగ్గరుండి చూసుకోవడానికి తెలిసిన కెమిస్టు. రీళ్లు తగ్గేకొద్దీ ల్యాబ్‌లు మూతపడ్డాయి. సూపర్ 8లో కొడాక్రోమ్ 2005లో ఆగింది, స్టిల్ కెమెరాలకి 2009లో. ప్రపంచం మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క ల్యాబ్, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లో ఉన్న డ్వేన్స్ ఫోటో, 2010 డిసెంబరు 30 దాకా రీళ్లు తీసుకుని ఆపేసింది. ఆ తర్వాత కడగకుండా మిగిలిన కొడాక్రోమ్ రీలులో రంగులు పుట్టే దారి మామూలు ల్యాబ్‌లో లేదు.

కొడాక్రోమ్ ఒంటరి కాబట్టి పోయింది. ఇప్పుడు మిగిలిన చిన్న ఫిల్మ్‌లలో ఏదీ ఒంటరి కాదు. విజన్3 50డి, 200టి, 500టి నెగటివ్‌లు సినిమా వాళ్ల నెగటివ్‌లే, వాటిని కడిగేది సినిమా వాళ్ల ఈసీఎన్ 2 పద్ధతిలోనే. ఎక్టాక్రోమ్ 100డి స్టిల్ కెమెరాల రివర్సల్ ఫిల్మ్‌కి (కడగగానే నెగటివ్‌గా కాక నేరుగా అసలు బొమ్మే కనబడే ఫిల్మ్) జోడీ, దాన్ని ఈ6 పద్ధతిలో కడుగుతారు. ఎక్టాక్రోమ్‌ని 2012లో ఆపేసిన కొడాక్, 2017 జనవరిలో మళ్లీ తెస్తామని ప్రకటించి 2018లో తెచ్చింది. స్టిల్ ఫోటోగ్రాఫర్ల కోసం ముందు, వెంటనే సూపర్ 8లో. ఒక్క సూపర్ 8 వాళ్లు అడిగి ఉంటే ఆ పని జరిగేది కాదు. ఆగిపోయాక పాత ముడిసరుకులు కొన్ని దొరకలేదు కాబట్టి ఫార్ములాని దాదాపు మళ్లీ మొదలెట్టాల్సి వచ్చింది.

పెద్ద ఫిల్మ్ మాత్రం క్షేమంగా ఉందా? పదేళ్ల కిందట లేదు. 2006లో కొడాక్ అమ్మిన సినిమా ఫిల్మ్ 1,240 కోట్ల అడుగులు. 2014కి అది 45 కోట్ల అడుగులకు పడిపోయింది. నూటికి 96 వంతులు మాయం. ఇందులో ఎక్కువ భాగం థియేటర్లకి పంపే ప్రింట్లది. ఒక్క సినిమాకి వేల ప్రింట్లు వేసే రోజులు డిజిటల్ ప్రొజెక్టర్లతో ముగిసిపోయాయి. ఇదంతా జరుగుతుండగానే 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది, 2013 సెప్టెంబరులో బయటపడింది. అప్పుడు క్రిస్టఫర్ నోలన్, క్వెంటిన్ టరంటినో, జేజే అబ్రమ్స్ లాంటి దర్శకులు స్టూడియోల మీద ఒత్తిడి తెచ్చారు. ఏటా ఇంత ఫిల్మ్ కొంటామని హాలీవుడ్ పెద్ద స్టూడియోలు కొడాక్‌తో ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ దర్శకుల పోరాటం 35, 65 ఎంఎం కోసం. కానీ ఆ సంతకాల వల్ల రోచెస్టర్ మిషన్ ఆగలేదు, మిషన్ ఆగలేదు కాబట్టి సూపర్ 8 ఆగలేదు. తర్వాతి ఏళ్లలో స్టిల్ ఫిల్మ్‌కి గిరాకీ పెరగడంతో బలం ఇంకాస్త చేరింది. 2024 నవంబరులో కొడాక్ తయారీని కొన్నాళ్లు ఆపింది. మూసెయ్యడానికి కాదు, పరికరాలు బాగుచేసుకోవడానికి. ముందుచూపు లేని కంపెనీ అంత డబ్బు పెట్టదు.

ఒకసారి ఆగిపోయిన మిషన్‌ని మళ్లీ తిప్పడం ఎంత కష్టమో ఇటలీ అనుభవం చెబుతుంది. లిగూరియా ప్రాంతంలోని ఫెరానియా ఫ్యాక్టరీ ఒకప్పుడు పెద్ద పేరున్న ఫిల్మ్ తయారీ కేంద్రం. మూతపడ్డాక, ఫిల్మ్ ఫెరానియా పేరుతో కొందరు దాన్ని లేపడానికి పూనుకున్నారు. సూపర్ 8లోనూ, 35 ఎంఎం స్టిల్‌లోనూ రంగుల రివర్సల్ ఫిల్మ్ ఇస్తామని చెప్పి, 2014లో ఆన్‌లైన్లో జనం దగ్గర మూడు లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. పనిమంతులు, చిత్తశుద్ధి ఉన్నవాళ్లు. అయినా 2017లో బయటికొచ్చింది పీ30 అనే బ్లాక్ అండ్ వైట్ స్టిల్ ఫిల్మ్. జనం చందాలు ఇచ్చి ఎదురుచూసిన సూపర్ 8 రంగుల ఫిల్మ్ రాలేదు. వాళ్లని తప్పుపట్టడం అన్యాయం. పది పొరల రంగుల పూతని ఆపేసి మళ్లీ మొదలుపెట్టడం అంటే ఏమిటో లోకానికి చూపించారు.

యూరప్‌లో ఇంకా పని చేస్తున్నవాళ్లు లేకపోలేదు. చెక్ దేశంలో హ్రడెక్ క్రాలోవేలోని ఫోమా కంపెనీ ఆర్100 అనే బ్లాక్ అండ్ వైట్ రివర్సల్ ఫిల్మ్‌ని 16 ఎంఎంలోనూ, పాత డబుల్ 8లోనూ ఇస్తోంది. కొడాక్ ఏనాడో వదిలేసిన కొలత అది. కీ ఇచ్చి తిప్పే 1950ల నాటి కెమెరాలకి ఇలాంటి ఫిల్మే ఆధారం. బ్యాటరీ అక్కర్లేని ఆ కెమెరాలు కాస్త నూనె వేస్తే ఇప్పటికీ గిర్రున తిరుగుతాయి. ఫోమాకి కూడా అసలు వ్యాపారం స్టిల్ ఫిల్మ్, ఫోటో పేపరు వగైరా. చిన్న ఫిల్మ్ అక్కడా పెద్దదాని పక్కన నడిచేదే.

పూత సమస్య కాదనుకుంటే మరి బలహీనత ఎక్కడ? కోత దగ్గర, రంధ్రం దగ్గర, డబ్బా దగ్గర. సూపర్ 8 ఫ్రేము ఎత్తు సుమారు 4 ఎంఎం. దాన్ని మీటరు ఎత్తు తెర మీద వేస్తే 250 రెట్లు పెరుగుతుంది. రంధ్రం తన చోటు నుంచి ఎంఎంలో నూరో వంతు జరిగినా తెర మీద బొమ్మ రెండున్నర ఎంఎం ఎగురుతుంది. 35 ఎంఎంలో ఎవరూ పట్టించుకోని తేడా ఇక్కడ కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పంచ్ పదును తగ్గకూడదు, పట్టీ వెడల్పు మారకూడదు. ఈ పనికి వాడే మిషన్లు ఇంకెందుకూ పనికిరావు. కార్ట్రిడ్జ్ సంగతీ అంతే. దాని ప్లాస్టిక్ అచ్చులు, లోపలి చిన్న భాగాలు సూపర్ 8కి తప్ప దేనికీ అక్కర్లేదు. ఫిల్మ్‌ని నొక్కిపట్టే ప్లేటు కూడా అందులో ప్లాస్టిక్‌దే. అది ఏమాత్రం వంకరపోయినా బొమ్మ వణుకుతుంది. సౌండ్ ఫిల్మ్‌ని ముంచిన సూత్రమే వీటికీ వర్తిస్తుంది: పెద్ద ఫిల్మ్ నీడ పడని చోట్లు ఇవి.

కెమెరాలదీ ఇదే ఇబ్బంది. ఇప్పుడు వాడుతున్న సూపర్ 8 కెమెరాల్లో చాలా భాగం 1965కీ 1980ల మొదటికీ మధ్య తయారైనవే. కెనాన్, నైకాన్, బ్రౌన్ నీజో, బోల్యూ లాంటివి. వాటి లైట్ మీటర్లు కొన్ని పాదరసం బ్యాటరీలతో నడిచేవి. పాదరసం మీద ఆంక్షలతో ఆ బ్యాటరీలు పోయాయి, బదులు పెట్టేవి అదే వోల్టేజి ఇవ్వవు. ఇంకో చిక్కు, చవక కెమెరాలు కార్ట్రిడ్జ్ గాడిని చూసి రెండే వేగాలు గుర్తుపడతాయి, కొడాక్రోమ్ 40కి ఒకటి, ఎక్టాక్రోమ్ 160కి ఒకటి. 200టి పెడితే చాలా కెమెరాలు దాన్ని 160 అనుకుని కాస్త ఎక్కువ వెలుతురు ఇస్తాయి. అదృష్టవశాత్తూ నెగటివ్ దాన్ని తట్టుకుంటుంది. వెలుతురు ఎక్కువైతే నెగటివ్ నొచ్చుకోదు, రివర్సల్ మాత్రం పాలిపోతుంది. సూపర్ 8 నెగటివ్ వైపు తిరగడానికి ఇదీ ఒక కారణమే. యాభై ఏళ్ల నాటి మీటరు చేసే తప్పుని ఇవాళ్టి ఎమల్షన్ కడుపులో దాచుకుంటోంది.

కొత్త కెమెరా తెస్తామని కొడాక్ 2016 జనవరిలో ప్రకటించింది. అప్పుడు చెప్పిన ధర 400 నుంచి 750 డాలర్ల మధ్య. ఏడెనిమిదేళ్లు గడిచాక అది నిజంగా అమ్మకానికి వచ్చింది, 5,495 డాలర్లకి. ఇంట్లో వాడుకునే వస్తువు కాదని ఆ ధరే చెబుతోంది. ప్రకటనలు, పాటల వీడియోలు తీసే ప్రొఫెషనల్స్ దాన్ని కొనొచ్చు. పిల్లల ఆటలు తియ్యాలనుకునే తల్లిదండ్రులు పాత కెమెరానే బాగుచేయించుకోవాలి. బాగుచేసే మెకానిక్కులు ఎన్నాళ్లుంటారన్నదే అసలు బెంగ.

నెగటివ్ రావడంతో ఇంట్లో చూసే పద్ధతే మారింది. కొడాక్రోమ్ రీలు ల్యాబ్ నుంచి రాగానే ప్రొజెక్టర్‌కి ఎక్కించి గోడ మీద చూసేవారు. కెమెరాలో తిరిగిన ఫిల్మే ప్రొజెక్టర్‌లోనూ తిరిగేది. నెగటివ్‌ని అలా చూడలేం. స్కాన్ చేయించి కంప్యూటర్లో చూడాల్సిందే. దీనివల్ల రంగుల మీద అదుపు పెరిగింది, పాత కెమెరాల తప్పులు సర్దుకుంటున్నాయి. కానీ చీకటి గదిలో ప్రొజెక్టర్ చప్పుడు మధ్య, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే ఆ అరగంట పోయింది. చిన్న ఫిల్మ్ పుట్టిందే ఆ అరగంట కోసం. ఎక్టాక్రోమ్, ట్రై ఎక్స్ అనే రెండు రివర్సల్ ఫిల్మ్‌లు ఉన్నంత వరకే అది సాధ్యం. ఈ రెండింటినీ కాపాడుకోవడం నెగటివ్‌లను కాపాడుకోవడం కన్నా ముఖ్యం. నెగటివ్‌కి సినిమా వాళ్లు అండగా ఉన్నారు, రివర్సల్‌కి ఆ అండ చాలా పల్చన.

ఎవరు కొంటున్నారంటే, పెళ్లిళ్లు తీసేవాళ్లు, ఫ్యాషన్ బ్రాండ్లు, సినిమా విద్యార్థులు, సొంతంగా ప్రయోగాలు చేసేవాళ్లు. లండన్‌లో 1999లో మొదలైన స్ట్రెయిట్ 8 పోటీకి నియమం ఒకటే: ఒక్క సూపర్ 8 కార్ట్రిడ్జ్ మీద, కెమెరాలోనే ఎడిటింగ్ అయ్యేలా సినిమా తియ్యాలి. తీసినవాళ్లు దాన్ని మొదటిసారి చూసేది ప్రేక్షకులతో పాటే. మూడు నిమిషాల హద్దుని అంత అందంగా వాడుకున్న ఏర్పాటు ఇంకోటి లేదు.

ఈ ఫిల్మ్ విలువ వాడకంలోనే కాదు, మిగిలి ఉండటంలోనూ ఉంది. 1963 నవంబరు 22న డాలస్‌లో కెనెడీ హత్యని అబ్రహాం జప్రూడర్ తన 8 ఎంఎం కెమెరాతో తీశాడు. 486 ఫ్రేములు, 26 సెకన్ల చిల్లర. డబుల్ 8 రీలు, కొడాక్రోమ్. ఆ రీలు మొదటి సగంలో ఉన్నవి కుటుంబ దృశ్యాలు. తిరగేసిన సగంలో చరిత్ర పడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సంతతి అమెరికన్లని యూటా రాష్ట్రంలోని టోపాజ్ నిర్బంధ శిబిరంలో ఉంచినప్పుడు, డేవ్ టట్సునో రహస్యంగా తెప్పించుకున్న 8 ఎంఎం కెమెరాతో లోపలి జీవితాన్ని తీశాడు. ఈ రెండూ అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చోటు సంపాదించాయి. అసిటేట్‌కి ఆయువు అనంతం కాదు, వేడిలో తేమలో ఉంటే పులిసి వెనిగర్ వాసన కొడుతుంది. కానీ చల్లగా, పొడిగా ఉంచిన రీలుని వందేళ్ల తర్వాత కూడా వెలుతురుకి ఎత్తిపట్టి మామూలు కంటితో చూడొచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ఇక మిగిలింది ల్యాబ్. కడిగే రసాయనాలు వాడకపోయినా పాడవుతాయి, కాబట్టి రోజూ కొంత ఫిల్మ్ మిషన్‌లో నడవాలి. నెగటివ్ విషయంలో పెద్ద సినిమాల రీళ్లు ఆ లోటు రానివ్వవు. అయితే అదే మిషన్‌లో సూపర్ 8 నడవాలంటే సన్నటి ఫిల్మ్‌కి తగిన రోలర్లు ఉండాలి, చేతి పని తెలిసిన మనిషి ఉండాలి. కార్ట్రిడ్జ్‌లు చిన్న సంచీలో వస్తాయి. షూటింగ్ పూర్తయినవాటి కిటికీలో ‘ఎక్స్‌పోజ్డ్’ అన్న అక్షరాలు కనబడతాయి. ఆ మనిషి చీకటిగదిలో తలుపు వేసుకుని, ఒక్కో డబ్బానీ వేళ్లతో తడిమి పగలగొట్టి, 50 అడుగుల చుట్టని బయటికి లాగి, దాని కొసని ముందు రీలు కొసకి అతికిస్తాడు. తర్వాతి డబ్బా అందుకుంటాడు.